కాలి ట్రాకర్లు పక్కకి తిరిగిపోతుంటే మాగ్నెటోమీటర్ ఆన్ చేయాలా, ఆపాలా?

అమలాపురం అబ్బాయి:
ఐఎంయూ ట్రాకర్లు (ఒంటి కదలికని పసిగట్టే జైరో, యాక్సెలరోమీటర్ లాంటి సెన్సర్లున్న చిన్న పరికరాలు) ఆరు కట్టుకుని, వర్చువల్ లోకమైన వీఆర్‌చాట్‌లో డాన్స్ చేస్తుంటాను. మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత నేను నిటారుగా నిలబడ్డా ఆ లోకంలో నా బొమ్మ ఎడమ పాదం పక్కకి తిరిగి కనిపిస్తుంది. రీసెట్ కొట్టీ కొట్టీ విసుగొస్తోంది. మాగ్నెటోమీటర్ ఆన్ చేయమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఏం చేయమంటారండీ?

భీమవరం:
ఆన్ చేయాల్సిందే తమ్ముడూ. జైరో చెప్పేది తిరిగే వేగం మాత్రమే. దాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. సెకనుకి 0.01 డిగ్రీ తప్పున్నా పది నిమిషాలకి 6 డిగ్రీలు పేరుకుంటుంది. ముందుకీ పక్కకీ వంగితే భూమ్యాకర్షణని బట్టి యాక్సెలరోమీటర్ సరిదిద్దుతుంది. ఎడమకీ కుడికీ తిరిగితే దానికి తెలియదు. అక్కడ ఉత్తరం చూపించే మాగ్నెటోమీటరే దిక్కు.

పాలకొల్లు మేడ గది:
అన్నా, మీ లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ ఉత్తరం గదంతా ఒకేలా ఉందా? మాది డాబా, నేను ఆడేది మేడ మీద. పాదాల కిందే స్లాబు ఊచలు. ఫోన్‌లో కంపాస్ తెరిచి నడుము ఎత్తులో చూశాను, తర్వాత నేల మీద పెట్టి జానెడు జరిపాను. సూది 30 డిగ్రీల దాకా పోయింది. ఇనుప బీరువా పక్కన ఇంకా ఘోరం. అదే ఫోన్‌ని అమ్మమ్మగారి పెంకుటింటి వసారాలో, నాపరాళ్ల మీద ఈ చివర నుంచి ఆ చివరికి జరిపినా సూది దాదాపు కదల్లేదు.

అంటే మా గదిలో నడుముకి ఒక ఉత్తరం, పాదానికి ఇంకో ఉత్తరం. ఆన్ చేస్తే అడుగేసినప్పుడల్లా కాలు మెలితిరుగుతుంది. ఆపేస్తే మెల్లగా జరుగుతుంది, ఒక రీసెట్‌తో సరిపోతుంది. నాకు అదే నయం.

ఇంకో సంగతి. జైరో తప్పు వేడిని బట్టి మారుతుంది. ఏసీలో కాలిబ్రేట్ చేసి (అంటే ఆ తప్పెంతో కొలిచి సరిచేసి), కరెంటు పోయాక ఉక్కలో ఆడితే పాత లెక్క పనికిరాదు. ట్రాకర్లు ఆన్ చేసి పది నిమిషాలు బల్ల మీద కదపకుండా ఉంచి, వేడెక్కాక కాలిబ్రేట్ చేయండి. ముందు ఆరింటినీ ఒకే వైపుకి వరసగా పెట్టి పావుగంట చూడండి. అక్కడ కూడా తిరిగితే సెన్సర్ తప్పు. తిరగకపోతే ముందు పట్టీ చూడండి, చెమటకి జారుతుంది.

రాజమండ్రి:
ఇదంతా ఎందుకు, లేజర్ బేస్ స్టేషన్ల (గదిలో పెడితే కిరణాలు పంపే పెట్టెలు) ట్రాకర్లు కొనుక్కోండి. ఎప్పటికప్పుడు చోటు కొత్తగా కొలుస్తాయి కాబట్టి తప్పు పేరుకోదు. ఖరీదు మాత్రం ఎక్కువే. అద్దం ఉంటే కిరణాలు తిరిగొస్తాయి. మా అద్దాల బీరువాకి దుప్పటి కప్పాకే నా కాళ్లు ఎగరడం ఆగింది.

అమలాపురం అబ్బాయి:
బల్ల మీద పెట్టి చూశాను. అయిదు కదల్లేదు, ఎడమ పాదానిది ఒక్కటే తిరిగింది! వేడెక్కాక దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేశాను. అరగంటైంది, ఇంకా నిలబడే ఉంది.

భీమవరం:
సంతోషం తమ్ముడూ. నేనూ ఫోన్‌తో చూశాను. మాది కింది ఇల్లు, పునాదుల్లో ఇసుక నింపి పైన టైల్స్ వేశారు. సూది ఎక్కడా జరగలేదు. నాది ఆన్‌లోనే ఉంటుంది.