సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీ కదలడం లేదు, కొత్త కంప్యూటర్ కొనాలా?

బాలానగర్ డిజైనర్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో మందుల ప్యాకింగ్ యంత్రాలు చేసే చిన్న సంస్థలో డిజైనర్‌గా ఉన్నాను. యంత్రాలను త్రీడీలో గీసే సాలిడ్‌వర్క్స్ 2021 సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, ర్యామ్ 32 జీబీ, ఫైళ్లన్నీ సర్వర్‌లో ఉంటాయి. మొత్తం లైన్ అసెంబ్లీలో (పార్టులన్నీ కూర్చిన మోడల్‌లో) తొమ్మిది వేలకు పైగా పార్టులున్నాయి. తెరవమని చెప్పి టిఫిన్ చేసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. ఒక మేట్ (రెండు పార్టులను జతచేసే షరతు) పెడితే తెర బిగుసుకుపోతుంది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ఏడు శాతమే. "కంప్యూటర్ ఖాళీగానే ఉంది, నువ్వే నెమ్మది" అంటున్నారు మా యజమాని. ఖరీదైన గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే బాగుపడుతుందా?

మెషిన్ షాప్:
ముందు ర్యామ్ 64 చేయించండి. మాకు అదే పనికొచ్చింది.

పూణె పాతకాపు:
తమ్ముడూ, ఏడు శాతం అంటే ఖాళీగా ఉందని కాదు. నీ ప్రాసెసర్‌కు ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు) ఉండి ఉంటాయి. వాటిలో ఒక్కటి ఊపిరి సలపకుండా పనిచేసినా మొత్తం మీద ఆరు శాతం చిల్లరే కనబడుతుంది. రీబిల్డ్‌లో, అంటే మోడల్‌ను మళ్లీ లెక్కగట్టడంలో, చాలావరకు ఒక లెక్క తేలితేగానీ తర్వాతది మొదలవదు, మిగతా కోర్లు చేతులు కట్టుకుని కూర్చుంటాయి. ఈ ముక్క మీ యజమానికి చెప్పు. కొనే రోజు వస్తే కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ వేగం చూడమను. కార్డు అంటావా, సాలిడ్‌వర్క్స్ ధ్రువీకరించిన జాబితాలో ఉన్నదే తీసుకో. ఏ కార్డు వేసినా మేట్లు మాత్రం త్వరగా తేలవు. ర్యామ్ కూడా అంతే, నిండిపోతుంటేనే పెంచి లాభం.

అసలు నెమ్మది ఎక్కడో తేల్చుకున్నావా? మోడల్‌ను తిప్పితే తడబడితే అది గ్రాఫిక్స్ భారం. కంట్రోల్ క్యూ నొక్కి రీబిల్డ్ చేసినప్పుడు ఆగిపోతే మేట్లు, ఫీచర్ల సంగతి. అసెంబ్లీ విజువలైజేషన్ తెరిచి గ్రాఫిక్స్ ట్రయాంగిల్స్ (పార్టును తెరపై చూపే త్రిభుజాల సంఖ్య) ప్రకారం వరుస పెట్టు. పైన నువ్వు గీసిన ఫ్రేములు ఉండవు, పందెం. సప్లయర్ సైటు నుంచి దించుకున్న గేర్‌మోటార్ ఉంటుంది, లోపలి పళ్లతో, బేరింగు గుండ్లతో సహా. నీకు కావలసింది దాని బయటి ఆకారం, షాఫ్ట్, బిగించే రంధ్రాలు. మిగతా వివరాలను డీఫీచర్ అనే టూల్‌తో తీసెయ్. నిజం మరలు చెక్కిన బోల్టులు ఉంటే అవీ మార్చు, మరలను గుర్తుగా మాత్రమే చూపే కాస్మెటిక్ థ్రెడ్ చాలు.

ఇంకో మాట. కన్వేయర్ గొలుసును లింకు లింకూ పేర్చావా? 08బి సైజు గొలుసు పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) 12.7 మిల్లీమీటర్లు, అంటే మీటరుకు దాదాపు 79 పిచ్‌లు. ప్లేట్లు, పిన్నులు, బుష్‌లు, రోలర్లు కలిపితే సగటున పిచ్‌కు ఐదు ముక్కలు. పది మీటర్లకు నాలుగు వేలు! ఆ రోలర్లను ఎవరు కొలుస్తారని? స్ప్రాకెట్ల చుట్టూ ఒక పట్టీ స్వీప్ చేసి, పార్టుల పట్టికలో గొలుసు నంబరు, పొడవు రాసెయ్. హైడ్ చేస్తే సరిపోదు సుమా. హైడ్ చేసినవాటి మేట్లను కూడా సాఫ్ట్‌వేర్ లెక్కిస్తూనే ఉంటుంది. సప్రెస్ చేస్తేనే, అంటే లెక్కలోంచే తాత్కాలికంగా తీసేస్తేనే, భారం దిగుతుంది.

గాజువాక:
తెరవడం ఆలస్యమంటే సర్వర్ సంగతి చూడండి. ఒక ప్రాజెక్టు మొత్తం సొంత ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి తెరిచి చూస్తే తేడా తెలిసిపోతుంది. పాత వెర్షన్‌లో సేవ్ అయిన ఫైళ్లను తెరిచిన ప్రతిసారీ మార్చుకోవాలి, అదీ ఆలస్యమే. సాలిడ్‌వర్క్స్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే రాత్రికి రాత్రే అన్నీ కొత్త వెర్షన్‌లోకి వస్తాయి.

బాలానగర్ డిజైనర్:
అన్నా, గొలుసు లింకు లింకూ ఉంది, మీరెలా కనిపెట్టారు! పట్టీగా మార్చాక పార్టులు ఐదు వేలకు దిగాయి, తిప్పితే ఇప్పుడు సాఫీగా తిరుగుతోంది. గాజువాక గారూ, ఎస్‌ఎస్‌డీ నుంచి తెరిస్తే సగం సమయమే పట్టింది. సర్వర్ సంగతి యజమానితో మాట్లాడాలి. ఇక కార్టన్ ఫీడర్ సబ్అసెంబ్లీకి స్పీడ్‌పాక్ (సబ్అసెంబ్లీకి తేలిక రూపం) చేయవచ్చా?

పూణె పాతకాపు:
చేయవచ్చు. పక్క యూనిట్‌తో మేట్ అయ్యే ముఖాలను మాత్రం ఎంచుకో, మిగతాది బొమ్మగానే ఉంటుంది. కర్సర్ దగ్గరికి పోగానే దాని చుట్టూ ఒక వలయంలో ఆ బొమ్మ భాగం మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడకు, ఆల్ట్ ఎస్ నొక్కితే ఆ వలయం పోతుంది. డ్రాయింగులో మాత్రం ఎంచుకోని అంచులకు కొలత పెట్టలేవు. కాబట్టి ఫీడర్ సొంత డ్రాయింగుకు పూర్తి కాన్ఫిగరేషన్ (అన్ని వివరాలూ ఉన్న రూపం), లైన్ లేఅవుట్‌కు స్పీడ్‌పాక్ వాడు.