కాలింగ్ బెల్ మోగితే ఆగని లాబ్రడార్ కుక్కను నెమ్మదిగా ఉండేలా చేయడం ఎలా?

హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంటులో ఉంటున్న మా లాబ్రడార్‌కు ఏడాదిన్నర వయసు. కాలింగ్ బెల్ మోగితే చాలు, గోళ్లు టైల్స్ మీద జారుతున్నా లెక్కచేయక గుమ్మం దాకా పరుగెత్తి, వచ్చినవారి మీదికి ఎగబడుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని ఎక్కడ పడదోస్తుందోనని భయంగా ఉంటోంది. కసిరినా, చేత్తో తోసినా దాని హుషారు రెట్టింపవుతోందే తప్ప తగ్గడం లేదు; బహుశా అదీ ఆటే అనుకుంటోంది. ఉదయం, సాయంత్రం నడకకు తీసుకువెళుతున్నాము గానీ, వేసవిలో రోడ్డు కాలిపోతుంది గనుక పగలంతా ఇంట్లోనే ఉంచక తప్పడం లేదు.

నాలుగు కాళ్లూ నేల మీద ఆనించినప్పుడే పలకరించాలని, చాప మీద కుదురుగా కూర్చుంటే బిస్కెట్ ముక్క ఇవ్వాలని చదివాను. ఇందుకోసం ముందు ఇంట్లోవాళ్లమే బెల్ కొట్టి అలవాటు చేయాలా, లేక అతిథులు వచ్చినప్పుడు గొలుసు పట్టుకొని నేర్పాలా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.