రోసేషియా జెల్ జెనరిక్ ట్రయల్: రక్త పరీక్ష ఎందుకు చాలదు, కురుపులు ఎలా లెక్కపెట్టాలి?

కోఆర్డినేటర్_హైద్

అందరికీ నమస్కారం. ముఖం ఎర్రబడి కురుపులొచ్చే రోసేషియాకి వాడే అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్‌కి మా జెనరిక్ (అసలు బ్రాండుకి సమానమని చూపించాల్సిన జెల్) సిద్ధమైంది. అమెరికాలో 2002లో అనుమతి వచ్చిన ఫినేసియా జెల్ రిఫరెన్సు, అంటే మన జెల్‌ని పోల్చి చూసే అసలు జెల్. సైట్లు హైదరాబాద్, విజయవాడల్లో అనుకుంటున్నాం. మాత్రలైతే ఆరోగ్యవంతులకి ఇచ్చి, రక్తం తీసి, మందు ఎంత చేరిందో కొలిచి తేల్చేస్తాం. దీనికి మాత్రం రోగుల మీద 12 వారాల ట్రయల్ చెయ్యాలి, అందులో మందు లేని జెల్ రాసే మూడో గుంపు కూడా ఉండాలి. రోగం ఉన్న మనిషికి మందు లేని జెల్ ఎందుకివ్వాలని ఎథిక్స్ కమిటీ తప్పకుండా అడుగుతుంది. ఏం చెప్పాలి? ముఖం మీద కురుపుల లెక్క డాక్టరుకో రకంగా వస్తే ఎలా? మన దగ్గర రోగుల్ని చేర్చుకునేటప్పుడు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

లెక్కల_పంతులు

రక్తం సంగతి ఫినేసియా లేబుల్‌లోనే ఉంది. అజెలాయిక్ యాసిడ్ గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉంటుంది, మన ఒంట్లోనూ సహజంగా ఉంటుంది. రోజుకి రెండుసార్లు కనీసం 8 వారాలు జెల్ రాసినవాళ్ల ప్లాస్మాలో సగటున మిల్లీలీటరుకి 42 నుంచి 63.1 నానోగ్రాములు కనిపించింది. మందు లేని జెల్ రాసినవాళ్లలో కూడా 24 నుంచి 90.5 దాకా ఉంది. రాత్రి తిన్న చపాతీ నుంచి వచ్చిందెంత, జెల్ నుంచి వచ్చిందెంత అని విడదీయలేం. అదీకాక ఈ మందు పనిచేసే చోటు చర్మం. రక్తంలో కనిపించేది ఆ చోటు దాటి వెళ్లిపోయిన మందు.

ఇక మూడో గుంపు. ఫినేసియా అసలు ట్రయల్స్‌లో ఒకదాంట్లో కురుపులు మందుతో సుమారు 58 శాతం తగ్గితే, మందు లేని జెల్‌తోనే 40 శాతం దాకా తగ్గాయి. అంటే మందు వాటా 18 పాయింట్లే. జెల్ సరిగ్గా రాయకపోయినా, లెక్క గజిబిజిగా ఉన్నా ఆ 18 కరిగిపోతుంది. అప్పుడు మూడు గుంపులూ ఒకేలా తగ్గుతాయి, మన జెల్, రిఫరెన్సు జెల్ సమానమే అన్నట్టు కనిపిస్తాయి. అది సమానత్వం కాదు, తేడా పట్టుకోలేని ట్రయల్. పనిచేయని జెల్ రోగి చేతికి వెళ్లకుండా ఆపేది మూడో గుంపే. కమిటీకి ఇదే చెప్పండి. ఆ గుంపుని చిన్నగా, మన జెల్, రిఫరెన్సు, మందు లేని జెల్ 2:2:1 నిష్పత్తిలో పెట్టుకోవచ్చు. రోగం ముదిరితే ఎప్పుడు మానిపించి మామూలు చికిత్సకి మార్చాలో ప్రోటోకాల్‌లో ముందే రాయండి.

పరీక్షలు రెండు. 12వ వారానికి కురుపులు ఎంత శాతం తగ్గాయన్నదాంట్లో టెస్టూ (అంటే మన జెల్), రిఫరెన్సూ విడివిడిగా మందు లేని జెల్‌ని దాటాలి. తర్వాత టెస్ట్, రిఫరెన్సుల నిష్పత్తికి 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు నిష్పత్తి ఉండగలదని లెక్క చెప్పే పరిధి) మొత్తం 80 నుంచి 125 శాతం లోపు పడాలి. ఉదాహరణకి రిఫరెన్సుతో 55 శాతం, మన జెల్‌తో 52 శాతం తగ్గాయనుకోండి. నిష్పత్తి 94.5, చూడ్డానికి బాగానే ఉంది. మనిషికీ మనిషికీ తేడా ఎక్కువై ఇంటర్వల్ కింది అంచు 78కి జారిందో, ట్రయల్ పోయినట్టే.

సైట్లలో నేను అన్నిటికన్నా భయపడేది ఒకటుంది. చేర్చుకోవడానికి కనీసం 8 కురుపులుండాలి కదా, 6 ఉన్న మనిషికి 8 అని రాసేస్తారు. తర్వాతి విజిట్‌లో సరిగ్గా లెక్కపెడితే ఏ జెల్ రాసినా పావు వంతు తగ్గినట్టే వస్తుంది. మందు లేని గుంపు మెరుగుదల అలా ఉబ్బిపోయి, ఉన్న 18 పాయింట్లూ మాయమవుతాయి.

చర్మవైద్యం_విశాఖ

లెక్క విషయం చెబుతాను. లెక్కలోకి వచ్చేవి ఎర్రగా ఉబ్బిన గట్టి కురుపులు, చీము కురుపులు. గడ్డలు వేరే రాయాలి, రెండుకి మించి ఉంటే చేర్చుకోకూడదు. మొత్తం కురుపులు 8 నుంచి 50 మధ్య ఉండాలి. ఎర్రదనానికి, తేలిన సన్న రక్తనాళాలకి వేరే స్కోరు ఉంటుంది. నల్ల తలల మొటిమలు కనిపిస్తే అది మొటిమల రోగమేమో మళ్లీ చూడండి.

ముఖాన్ని నుదురు, ముక్కు, కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, గడ్డం అని అయిదు భాగాలు చేసి, ప్రతిసారీ అదే వరసలో, అదే లైటు కింద చూడాలి. ఒక రోగిని మొదటి రోజు చూసిన డాక్టరే 12వ వారం దాకా చూడాలి. మే నెలలో బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి ముఖం ఎవరిదైనా ఎర్రగానే ఉంటుంది. అరగంట చల్లని గదిలో కూర్చోబెట్టాకే స్కోరు వెయ్యండి. ఆ అరగంటలో వేడి టీ ఇవ్వొద్దు.

మన చర్మంతో వచ్చే చిక్కు ఒకటి. కురుపు మానిన చోట గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ఎదురుగా లైటు వేసి చూస్తే అదీ కురుపులాగే కనిపిస్తుంది. లైటు పక్క నుంచి వేసి, గ్లవ్ వేసిన వేలితో మెల్లగా తడమండి. కురుపైతే వేలికి తగులుతుంది, నీడ పడుతుంది. మచ్చ చదునుగా ఉంటుంది. అనుమానంగా ఉంటే గాజు స్లైడుతో నొక్కితే ఎర్రదనం పాలిపోతుంది, మచ్చ రంగు అలాగే ఉంటుంది. 12వ వారంలో మచ్చల్ని కురుపులుగా రాస్తే మంచి మందు కూడా ఓడిపోతుంది.

ఇక అసలు గండం స్టెరాయిడ్ ముఖాలు. 2018లో 14 రకాల పైపూత స్టెరాయిడ్లని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చినా, ముఖం తెల్లబడటానికి బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ ట్యూబులు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకి వచ్చే ఎర్రదనం, కురుపులు అచ్చం రోసేషియాలాగే ఉంటాయి. క్రీము ఆపగానే ఒకసారి భగ్గుమని, వారాల తర్వాత వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గుదల మీ జెల్ ఖాతాలో పడుతుంది. పైపూత స్టెరాయిడ్లకి 2 వారాల విరామం అన్న నిబంధన అప్పుడప్పుడూ రాసినవాళ్లకి సరిపోతుంది. నెలల తరబడి ముఖానికి రాసినవాళ్లని చేర్చుకోనే వద్దు. ‘మందులేమైనా వాడుతున్నారా అమ్మా’ అంటే లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది మందు కాదు, క్రీము. ‘మచ్చలకి, రంగుకి, మొటిమలకి ముఖానికి ఏం రాస్తారు? ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ పట్టుకురండి’ అనండి. పార్లర్లో ఇచ్చిన పేరు లేని డబ్బా కూడా తెమ్మనండి.

డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలకి ఒక నెల, ఐసోట్రెటినోయిన్‌కి 6 నెలల విరామం చూడండి. అజెలాయిక్ యాసిడ్‌తో అరుదుగా చర్మం రంగు తగ్గిన కేసులున్నాయి, చామనఛాయ వాళ్లలో దీన్ని ప్రతి విజిట్‌లో గమనించాలి.

కోఆర్డినేటర్_హైద్

చాలా థాంక్సండీ. జెల్ నిజంగా రాశారో లేదో, బ్లైండింగ్ (ఎవరికి ఏ జెల్ ఇచ్చారో తెలియకుండా ఉంచడం) ఎలా కాపాడాలో కూడా ఎవరైనా చెప్తారా?

సప్లై_డెస్క్

12 వారాలకి, రోజుకి రెండు చొప్పున 168 సార్లు. 75 నుంచి 125 శాతం పరిధి పెట్టుకుంటే 126కి తగ్గినా 210కి మించినా ఆ రోగిని సమానత్వపు లెక్కలోంచి తీసెయ్యాలి. డైరీ ఒక్కటే నమ్మొద్దు, ఇంటి నుంచి బయల్దేరేముందు ఒకే పెన్నుతో వారం రోజులకీ టిక్కులు పెట్టేస్తారు. ట్యూబు ఇచ్చేటప్పుడూ, వెనక్కి తీసుకునేటప్పుడూ తూచండి. రెండుసార్లూ మూతతో, అట్టపెట్టె లేకుండా. ఒకసారి పెట్టెతో, ఒకసారి లేకుండా తూస్తే ఆ తేడా పది రోజుల మందంత ఉండొచ్చు.

ఈ జెల్ చురుక్కుమంటుంది. రోగికి అనుమానం రావడం ఆపలేం, ఆ మాట లెక్కపెట్టే డాక్టరు చెవిన పడకుండా ఆపగలం. మంట, దురద అడిగేది, ట్యూబులు ఇచ్చేది వేరే మనిషి కావాలి. రోగి ముఖం కడుక్కునే లోపలికి రావాలి. వెంట్రుకల మొదట్లో తెల్లటి జెల్ మిగిలి ఉంటే మందున్న గుంపని డాక్టరుకి తెలిసిపోతుంది.

రిజర్వు శాంపిళ్లు (తర్వాత తనిఖీ కోసం దాచే ట్యూబులు) మర్చిపోవద్దు. కంపెనీ పంపిన సరుకులోంచి సైటే యాదృచ్ఛికంగా ఎంచి దాచాలి, అనుమతి వచ్చాక కనీసం 5 ఏళ్లు ఉంచాలి. ‘జాగా లేదు’ అని కంపెనీకి తిప్పి పంపితే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో స్టడీ మొత్తం చిక్కుల్లో పడుతుంది.

లెక్కల_పంతులు

ఒకటి మర్చిపోయాను. రోగుల దగ్గరికి వెళ్లేముందు ఫ్రాంజ్ సెల్స్‌లో (జెల్ నుంచి పొర గుండా మందు బయటికొచ్చేది కొలిచే పరికరాల్లో) విడుదల వేగం చూసుకోండి. టెస్టుకి 6, రిఫరెన్సుకి 6 సెల్స్, ప్రతి టెస్టు వేగాన్నీ ప్రతి రిఫరెన్సు వేగంతో భాగిస్తే మొత్తం 36 నిష్పత్తులు. చిన్న నుంచి పెద్దకి పేర్చి 8వదీ 29వదీ తీస్తే 90 శాతం ఇంటర్వల్, అది 75 నుంచి 133.33 శాతం లోపు ఉండాలి. ఇది పాసైనా ట్రయల్ చెయ్యక తప్పదు, ఫెయిలైతే మాత్రం అక్కడే ఆగి ఫార్ములా చూసుకోండి. ఈ జెల్‌లో అజెలాయిక్ యాసిడ్ కొంత కరగని నలుసులుగా ఉంటుంది. గోదాములో వేడెక్కి చల్లారే కొద్దీ ఆ నలుసులు పెరుగుతాయి, విడుదల మందగిస్తుంది. ట్రయల్‌కి వాడే బ్యాచ్ ట్యూబుని కోసి మూతి దగ్గర, మధ్యలో, అడుగున విడివిడిగా తీసి మైక్రోస్కోపు కింద చూడండి, మందు శాతం కూడా మూడుచోట్లా కొలవండి.