మూలధనం తక్కువైన బ్యాంకు ఎవరికి అప్పిస్తుంది?

కాజీపేట నివాసి:
మూలధన నిబంధనలు, అంటే ఇచ్చిన అప్పులకు తగ్గట్టు బ్యాంకు తన సొంత డబ్బు ఎంత ఉంచుకోవాలన్న నిబంధనలు, బిగించినకొద్దీ అప్పు పుట్టక ఇబ్బంది పడేది చిన్న వ్యాపారులేనని నా వాదన. మన దేశంలో ఒక్కో అప్పు మునిగే ప్రమాదాన్ని బట్టి వెయిటేజీ కట్టిన మొత్తంపై 9 శాతం, అదనపు నిల్వగా 2.5 శాతం, మొత్తం 11.5 శాతం మూలధనం బ్యాంకు ఉంచుకోవాలి. అప్పు తీర్చే సత్తాకు అత్యుత్తమ రేటింగ్ (ట్రిపుల్ ఏ) ఉన్న కంపెనీకి కోటి రూపాయలిస్తే వెయిటేజీ 20 శాతమే కాబట్టి 2.3 లక్షలు చాలు. రేటింగ్ లేని చిన్న జిన్నింగ్ (పత్తి గింజ తీసే) మిల్లుకు 75 శాతం లెక్కన అదే కోటికి సుమారు 8.6 లక్షలు కావాలి. మూలధనం కరువైన బ్యాంకు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

హన్మకొండ అకౌంటెంట్:
మీ లెక్కతో నాకు పేచీ లేదు, కానీ అది కొత్తగా ఇచ్చే అప్పు లెక్క. ఇదివరకే ఇచ్చి వసూలు కాని అప్పు సంగతి వేరండీ. వడ్డీ గానీ కిస్తీ గానీ 90 రోజులు దాటి బకాయిపడితే ఆ ఖాతాను మొండి బాకీగా చూపాలి. ఒక మిల్లు పది కోట్లు అలా బాకీపడితే, తాకట్టు ఉన్నా సరే, రాబోయే నష్టానికి కనీసం కోటిన్నర కేటాయింపుగా పక్కన పెట్టాలి. అది లాభంలోంచి, లాభం చాలకపోతే మూలధనంలోంచి పోతుంది. మూలధనం దండిగా ఉన్న బ్యాంకు ఆ దెబ్బ కాచుకుంటుంది. అది అడుగంటిన బ్యాంకుకు మాత్రం, మార్చి నెలాఖరు ముంచుకొచ్చేసరికి, కుంటుతున్న ఆ మిల్లుకే సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్ ఖాతాలో వాడుకోగల అప్పు పరిమితి) పెంచి, ఆ డబ్బుతోనే పాత వడ్డీ జమ చేయించి, ఖాతా బాగున్నట్టు చూపాలన్న ఆశ పుడుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో, సకాలంలో కడుతున్న పక్క మిల్లు అడిగితే అప్పుడు ఇవ్వడానికేమీ మిగలదు. బాగా కట్టే ఆ పక్క మిల్లు పత్తి వేలంలోకి రాకపోతే రైతుకు దక్కే ధరే పడిపోతుంది, నా బాధ అది. 1990లలో జపాన్‌లో బ్యాంకులు ఇలాగే దివాలా అంచున ఉన్న కంపెనీలను మోశాయి. మన దగ్గర 2015లో రిజర్వ్ బ్యాంకు ఆస్తుల నాణ్యతను తనిఖీ చేశాకే కప్పిపెట్టిన మొండి బాకీలు పెద్ద ఎత్తున బయటపడ్డాయి.

కాజీపేట నివాసి:
ఆ తనిఖీ తర్వాత 11 ప్రభుత్వ బ్యాంకులు సత్వర దిద్దుబాటు ఆంక్షల (బలహీనపడ్డ బ్యాంకులపై రిజర్వ్ బ్యాంకు పెట్టే కట్టడి) కిందికి వచ్చాయి. అప్పుడు నష్టపోయింది బాగా కట్టేవాళ్లు కూడా కదా?

హన్మకొండ అకౌంటెంట్:
నిజమే, దానికి కారణం వరుస తప్పడం. మూలధన నిష్పత్తిని రెండు రకాలుగా పెంచవచ్చు: కొత్త మూలధనం తేవచ్చు, లేదా అప్పులు తగ్గించవచ్చు. ప్రభుత్వం 2.11 లక్షల కోట్ల మూలధన ప్రణాళిక ప్రకటించింది 2017 అక్టోబరులో, అంటే బాకీలు బయటపడ్డ రెండేళ్లకు. ఈలోగా చాలా బ్యాంకులకు ప్రధానంగా మిగిలింది రెండో దారే. అందుకే నిబంధన సడలించమని నేను అడగను. లాభాలు బాగున్న ఏళ్లలోనే వాటాలు అమ్మించి మూలధనం పోగుచేయించాలని, బాకీల నిజం చెప్పిన రోజే లోటు పూడ్చాలని అడుగుతాను.