ఇంట్లో సామాన్లు తగ్గించుకున్నవాళ్ళున్నారా? నిజంగా ప్రశాంతంగా ఉందా?

బ్రాడీపేట_బాల్కనీ:
ఆయన రిటైరయ్యాక ఇంట్లో మేమిద్దరమే. పిల్లలు గుంటూరులో లేరు. మూడు గదుల్లో ఒకటి పూర్తిగా సామాన్లదే. అటక మీద అత్తగారి గంగాళం, స్టీలు డబ్బాలు, ఇంకా విప్పని గిఫ్టు ప్యాకెట్లు. చిన్న ఫ్లాటుకి మారదామంటే ‘ఇవన్నీ ఎక్కడ పెడదాం’ అంటారు మావారు. అంటే గంగాళం కోసం ఇంత ఇల్లు ఊడ్చుకుంటున్నానన్నమాట. మీరెవరైనా తగ్గించుకుంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి.

పటమట_పద్మ:
గిఫ్టులతోనే మొదలుపెట్టండి. ఎవరిచ్చారో కూడా గుర్తుండదు, తీసేస్తే బాధ ఉండదు. చీరలు, ఫొటోల జోలికి చివర్లో వెళ్ళండి. ఒక్క మాట, పనమ్మాయికి ఇచ్చేటప్పుడు కావాలా అని అడిగి ఇవ్వండి. మనింట్లో చెత్త ఆమె ఇంటికి పంపితే అది దానమెలా అవుతుంది?

సింగ్‌నగర్_గ్రౌండ్‌ఫ్లోర్:
ఘాటుగా అనిపిస్తే ఏమనుకోకండి. మా సామాన్లు మేం వదులుకోలేదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకొచ్చింది. ఫ్రిజ్జు బోర్లాపడి తేలింది. బీరువాలో అమ్మ పట్టుచీరలు బురదలో నానాయి, పెళ్ళి ఆల్బమ్ ముద్దయిపోయింది. నీళ్ళు తీశాక వీధి పొడుగునా పరుపులే. గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్ళకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, వంటింటి సామానుకి, పరుపులకి సరిపెట్టుకున్నాం. ఆ టైములో ఒక చుట్టం ఫోన్ చేసి ‘పోన్లే, వస్తువుల మీద మమకారం పోతుంది’ అన్నారు. సమాధానం చెప్పకుండా పెట్టేశాను. ఇక్కడ ప్రశాంతత అని చదివితే అదే గుర్తొచ్చింది.

బ్రాడీపేట_బాల్కనీ:
మీరన్నది నిజమేనండీ. నాది ఎక్కువై వచ్చిన తలనొప్పి. అడగొచ్చో లేదో, అవన్నీ మళ్ళీ కొనుక్కున్నారా?

సింగ్‌నగర్_గ్రౌండ్‌ఫ్లోర్:
ఫర్వాలేదు, అడగండి. కొన్ని కొన్నాం. సోఫా మాత్రం కొనలేదు. మొదట డబ్బుల్లేక. తర్వాత చేతిలో డబ్బున్నా, హాల్లో పిల్లలు ఆడుకోవడం చూసి వద్దనుకున్నాం. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టి పైన ఉంచాం. అంతవరకు ధీమా. అయినా గట్టి వాన పడితే రాత్రి లేచి గుమ్మం దగ్గర చూసొస్తాను. సామాను తగ్గింది కానీ ఆ భయం తగ్గలేదు.

వన్‌టౌన్_లెక్కలు:
మా కొట్టు పక్కన జైనులున్నారు. వాళ్ళ మునులకు అపరిగ్రహం, ఏదీ సొంతంగా ఉంచుకోరు. సంసారులకి అంత కఠినం కాదు. పరిగ్రహ పరిమాణం అని ఒక వ్రతం ఉంది. ఇల్లు, పొలం, బంగారం, ధాన్యం ఇంతకు మించి ఉంచుకోనని ఎవరికి వారే హద్దు పెట్టుకోవాలి. ఎంత అన్నది వాళ్ళ ఇష్టమే. నాకిది నచ్చింది, ఎందుకంటే ఉన్నవన్నీ పారేయమని చెప్పదు, ఎక్కడ ఆగాలో నిన్నే తేల్చుకోమంటుంది. మా వంటింట్లో గిన్నెలకి పెట్టాం: ఒక్క అల్మరా. కొత్తది కొంటే పాతది బయటికి. చీరలకి కూడా పెడదామంటే మా ఆవిడ నా పాత స్కూటర్ సంగతి ఎత్తుతోంది.

పాతసామాన్లు_తెనాలి:
గంగాళం గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని పాత ఇనప సామాన్ల బండికి వేయకండి. ఇత్తడి కొట్లు రెండు మూడు తిరిగి రేటు అడగండి. కంచు గిన్నెలుంటే ఇత్తడితో కలిపి తూకం వేయనివ్వకండి, కంచు రేటే ఎక్కువ. అన్నిటికంటే ముందు మీ ఆడపడుచుని అడగండి. అమ్మేశాక తెలిస్తే పదేళ్ళు దెప్పుతారు. ఇంకోటి, ఏటా చూస్తున్నాను, భోగి మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు వేస్తున్నారు. పాతవి వదిలించుకోవడమంటే వీధి మొత్తానికి ఆ పొగ పట్టించడమా?

బ్రాడీపేట_బాల్కనీ:
ఆడపడుచుకి ఫోన్ చేశాను. గంగాళం తనకే కావాలట. కానీ వాళ్ళ ఫ్లాటులో చోటు లేదట, ‘ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచు వదినా’ అంది! మావారు ఒకటే నవ్వు. సరే, గిఫ్టులు విప్పుతున్నాను. అన్నీ గోడ గడియారాలే. వీటినేం చేయాలి?

పటమట_పద్మ:
దగ్గర్లో అంగన్‌వాడీలో, స్కూల్లో అడిగి చూడండి. ముందు సెల్ వేసి తిరుగుతున్నాయో లేదో చూడండి. తిరగనివి ఎవరికీ ఇవ్వకండి. గంగాళానికి మాత్రం వాళ్ళకి ఒక తేదీ చెప్పండి.