మెడలో గడ్డలు: తీసి బయాప్సీకి పంపాలా, టీబీ మందులు మొదలుపెట్టాలా?

సుధ_ఉప్పల్: మా పాపకి 23. మెడకి ఎడమ పక్క గడ్డలు, ముట్టుకుంటే నొప్పి, సాయంత్రమైతే జ్వరం, నెల దాటింది. సూది టెస్టులో నెక్రోసిస్ (కణాలు చచ్చిపోయాయి) అని వచ్చింది, టీబీ క్రిములు కనబడలేదు, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని వెతికే టెస్టు) నెగటివ్. ఒక డాక్టర్ గారు టీబీ కోర్సు మొదలుపెడదాం అంటారు, ఈఎన్‌టీ ఆయనేమో గడ్డ తీసి పంపాలి, కికుచి (గడ్డలు వాచి, జ్వరం వచ్చే ఇంకో జబ్బు) కావచ్చు అంటారు. ఏం చెయ్యమంటారు?

నరేష్_బోడుప్పల్: అక్కా, బయాప్సీ లేకుండా ఒక్క గోలీ కూడా మింగనియ్యకు. మా తమ్మునికి గిట్లనే చూడంగనే టీబీ అన్నరు, మందులు మొదలైనంక కళ్ళు పచ్చగైనయ్, లివర్ టెస్టులు, మళ్ళ ఇంకో దవాఖాన, ఆఖరికి గడ్డ తీసి చూస్తే కికుచి అని తేలింది, పారాసెటమాల్‌తోనే తగ్గింది. పైసలు వాపస్ ఎవడిస్తడు?

శంకర్ రావు: మన దేశంలో మెడలో గడ్డంటే ముందు టీబీయే అనుకోవాలి. మా మేనకోడలికి మీలాంటి వాళ్ళ మాట విని నెలలు ఆలస్యం చేశారు, గడ్డ పగిలి చీము కారింది. ఈ జపాన్ రోగం ఉప్పల్‌కి ఎలా వచ్చిందండీ?

ల్యాబ్_శీను: సార్, 1972లో కికుచి, ఫుజిమోటో అని ఇద్దరు జపాన్ డాక్టర్లు విడివిడిగా రాశారు కాబట్టి ఆ పేరు, అంతే. ఇండియాలో కూడా కేసులున్నాయి, ఎక్కువగా 40 లోపు ఆడవాళ్ళలో. ఈబీవీ, హెచ్‌హెచ్‌వీ-6, పార్వో బీ19 లాంటి వైరస్‌ల మీద అనుమానం, ఏదీ ఖాయం కాలేదు. చాలామందికి 1 నుంచి 4 నెలల్లో దానంతటదే పోతుంది. కానీ నరేష్ గారూ, గడ్డలో క్రిములు తక్కువుంటే సీబీనాట్ నెగటివ్ వచ్చినా టీబీ ఉండొచ్చు.

శంకర్ రావు: వైరస్ అయితే ఇంట్లో అందరికీ అంటాలిగా?

బిర్యానీ_బాబు: అన్నా నువ్వు అంటుకున్నవ్ ఈ థ్రెడ్‌కి 😂

నరేష్_బోడుప్పల్: నెల దాటింది అంటున్నరు, బయాప్సీకి ఏం అడ్డం? పైసలా? గవర్నమెంట్ల చేస్తరు కదా. చెప్పు అక్కా, ఊకె అడుగుడు కాదు.

సుధ_ఉప్పల్: డబ్బు కాదు. మెడ మీద కోత పడితే మచ్చ ఉంటుంది, సంబంధాలు చూస్తున్నాం. మందులైతే ఎవరికీ తెలియకుండా ఆరు నెలల్లో అయిపోతుంది.

శంకర్ రావు: నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదమ్మా, ఆడపిల్ల మెడ మీద కత్తేంటి.

నరేష్_బోడుప్పల్: మొదట్నుంచి నువ్వు జపాన్ అంటున్నవ్ పెద్దాయనా! మచ్చ దాచనీకి లివర్ పోగొట్టుకుంటరా?

పద్మజ_సైనిక్‌పురి: ఇంత సేపు టీబీనా కికుచీనా అని కొట్టుకున్నారు, అసలు గొడవ పెళ్ళి దగ్గరుంది. సుధ గారూ, పాపేమంది?

సుధ_ఉప్పల్: తను చేయించుకుంటానంది. ఆపింది మేమే.

పద్మజ_సైనిక్‌పురి: 23 ఏళ్ళ పిల్ల. మీరెవరండీ ఆపడానికి?

సుధ_ఉప్పల్: రేపు సంబంధం తప్పితే మీరు రారు కదా మా ఇంటికి.

ల్యాబ్_శీను: అక్కా, ఈ రెండే కాదు, లింఫోమా (గ్రంథుల కాన్సర్) కూడా అలాగే కనబడుతుంది, సూదితో వచ్చే నాలుగు కణాలతో తేల్చడం కష్టం. ముందే స్టెరాయిడ్స్ ఇస్తే లింఫోమా ఉన్నా టెస్టులో బయటపడకుండా పోవచ్చు, అది మాత్రం వద్దు. కోత మెడ ముడతలో పెట్టమని సర్జన్‌ని అడగండి, మచ్చ అంతగా కనబడదు. తీసిన గడ్డ మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా వేసే మందు నీళ్ళు) వెయ్యనివ్వకండి, ఒక ముక్క సెలైన్‌లో టీబీ కల్చర్‌కి (క్రిములు పెంచి చూసే టెస్టు) పంపాలి, ఫార్మలిన్‌లో పడ్డాక కల్చర్ రాదు. కికుచి అని వస్తే ఏఎన్ఏ రక్తపరీక్ష కూడా చేయించండి, కొందరికి తర్వాత లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) వస్తుంది, తగ్గింది కదా అని వదిలెయ్యకూడదు.

శంకర్ రావు: అంటుతుందా లేదా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ల్యాబ్_శీను: కికుచి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు సార్.

సుధ_ఉప్పల్: సెలైన్ సంగతి ఈఎన్‌టీ గారికి మనం చెప్తే ఏమీ అనుకోరా?

ల్యాబ్_శీను: అనుకుంటే అనుకోనీ. థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందే చెప్పండి, తర్వాత చెప్తే దండగ.