షేడ్‌నెట్ కింద బీక్యూ25570 ఛార్జ్ చేయట్లేదు, ఇంట్లో కిటికీ దగ్గర బానే ఎక్కింది

ప్రశ్న:
కడియంలో మా బాబాయి నర్సరీలో కుండీల తేమ చూడ్డానికి చిన్న నోడ్ పెట్టానండి. ఎండలో 2 వోల్టుల పైచిలుకు ఇచ్చే ప్యానెల్, బీక్యూ25570 (సోలార్ కరెంటుతో బ్యాటరీ ఎక్కించే చిప్) మాడ్యూల్, ప్రొటెక్షన్ బోర్డున్న చిన్న లైపో బ్యాటరీ, మైక్రోకంట్రోలర్, ఎస్ఎక్స్1276 లోరా (దూరానికి డేటా పంపే రేడియో). మాడ్యూల్ ఔట్‌పుట్ 1.8 వోల్టులకే సెట్ అయి వచ్చింది. అందుకని వీస్టోర్ (చిప్ పోగేసిన కరెంటు చేరే పిన్) నుంచి 3.3 వోల్టుల ఎల్‌డీఓ (వోల్టేజ్ రెగ్యులేటర్) ద్వారా లోడ్‌కి ఇచ్చా.

కిటికీ దగ్గర ఎండలో చక్కగా ఎక్కింది. మబ్బు పట్టాక నెట్ కింద ఆగిపోయింది. ఇప్పుడు వీస్టోర్ 1.3 దగ్గర కూర్చుని కదలట్లేదు. బ్యాటరీ వైర్ల మీద సున్నా. ప్యానెల్ విడిగా 1.7, కలిపితే 0.6. చిప్ పోయిందా? షాపాయన కొత్త లైపో కొనేయమంటున్నాడు.

జవాబు:
కొనకండి. చిప్ కూడా బానే ఉంది. ప్యానెల్ 0.6కి దిగిందంటే మీ సర్క్యూట్ కోల్డ్ స్టార్ట్‌లో (ఖాళీ నుంచి మొదలయ్యే దశలో) ఇరుక్కుంది. వీస్టోర్ సుమారు 1.8 దాటేదాకా అసలు బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజ్ పెంచే భాగం) మొదలవదు. అప్పటిదాకా లోపలి స్టార్టప్ సర్క్యూటే నడిపిస్తుంది, దాని ఎఫిషియెన్సీ దారుణం. అది తెచ్చే కాస్త కరెంటునీ మీ ఎల్‌డీఓ, దాని వెనకున్నవీ తాగేస్తున్నాయి. ఎండలో అయితే మిగులుతుంది, నెట్ కింద మిగలదు.

ఇక బ్యాటరీ సున్నా సంగతి. ఈ చిప్‌లో అండర్‌వోల్టేజ్ హద్దు (బ్యాటరీని తెంచే కనిష్ఠ వోల్టేజ్) 1.95, మార్చడానికి లేదు. లైపోకి అది మరీ తక్కువ. లోడ్ వీస్టోర్ మీద ఉంటే సెల్ దిగుతూనే ఉంటుంది, చివరికి ఏ 2.4 దగ్గరో ప్రొటెక్షన్ బోర్డు తెంచేస్తుంది. ఎల్‌డీఓ వైరు ఊడదీసి వీస్టోర్ చూడండి. సెల్‌ని బోర్డుకి ముందు, ట్యాబ్‌ల మీద కొలవండి. 2 కంటే కింద ఉంటే మాత్రం దాన్ని వాడొద్దు.

ఇంకొకరి జవాబు:
ఓవర్‌వోల్టేజ్ రెసిస్టర్ల (బ్యాటరీ ఎంతదాకా ఎక్కాలో పెట్టేవి) జంక్షన్ మీద మీటర్ పెట్టి కంగారు పడకు బ్రదర్. అవి మెగా ఓమ్స్‌లో ఉంటాయి, మామూలు మల్టీమీటరేమో 10 మెగా ఓమ్స్, రీడింగ్ తప్పే వస్తుంది. చేత్తో సోల్డర్ చేసుంటే ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్‌తో కడుగు. గోదావరి తేమకి ఆ జిగురే లీకేజీ.

ప్రశ్న అడిగినవారు:
ఎల్‌డీఓ తీసేశానండి. మబ్బులోనే, నెట్ కిందే వీస్టోర్ మెల్లగా పాకి, 1.8 దాటగానే ఒక్కసారి ఎగిరింది. సెల్ ట్యాబ్‌ల మీద 2.6 ఉంది, ఛార్జ్ మొదలైంది. కానీ ప్యానెల్ వోల్టేజ్ 16 సెకన్లకోసారి పైకి గెంతుతోంది. ఇదేం జబ్బు?

జవాబు:
అది ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ లాగే పద్ధతి) అండి, జబ్బేం కాదు. 16 సెకన్లకోసారి పావు సెకను ఛార్జింగ్ ఆపి, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ చూసుకుని, అందులో 80 శాతం దగ్గర నిలబడుతుంది. సోలార్‌కి సాధారణంగా పెట్టే సెట్టింగే.

లోడ్‌ని మళ్లీ వీస్టోర్‌కి కలపొద్దు. వీఔట్ (మాడ్యూల్ ఔట్‌పుట్) రెసిస్టర్లు 3 వోల్టులకి మార్చి లోడ్ అక్కడ పెట్టండి, వీఔట్ ఎనేబుల్‌ని వీబ్యాట్ ఓకే పిన్‌కి (బ్యాటరీ చాలినంత ఉందని చెప్పేది) కలపండి. నేనైతే ఎక్కేటప్పుడు 3.6కి ఆన్, దిగేటప్పుడు 3.3కి ఆఫ్ పెడతా. లోరా పవర్ కూడా చూసుకోండి. వీఔట్ వెనకున్న బక్ (వోల్టేజ్ తగ్గించే భాగం) ఇచ్చేదే 110 మిల్లీయాంప్స్ చిల్లర, ఎస్ఎక్స్1276 20 డీబీఎం (రేడియో పవర్ కొలత)లో 120 లాగుతుంది. 17కి దించితే 87. రేంజ్ చాలకపోతే యాంటెనాని నెట్ పైకి ఎత్తండి.